మళ్ళీ వచ్చే మేస్త్రీ

మత్తిగిరిలో ఇప్పుడు కొత్త ఇల్లు కట్టించడం కంటే ఉన్న ఇంటిని బాగుచేయించడమే కష్టం. పునాది తవ్వుతున్నారని తెలిస్తే చాలు, సెంట్రింగ్ వాళ్ళూ టైల్స్ వాళ్ళూ కిటికీల వాళ్ళూ తామే వచ్చి ఫోన్ నంబర్లు ఇచ్చిపోతారు. అదే బాత్‌రూము వెనక గోడ చెమ్మెక్కిందనో, సన్‌షేడు పెచ్చులూడుతోందనో, గీజరు కింద నీళ్ళు కారుతున్నాయనో పిలిస్తే "వచ్చే వారం చూద్దాం సార్" అన్న మాటే వినిపిస్తుంది. ఆ వచ్చే వారం నెలలు గడిచినా రాదు. ఇది ఒకరిద్దరి నిర్లక్ష్యమైతే మనిషిని మార్చుకుంటే సరిపోయేది. కానీ ఊరు పెరిగిన తీరులోనే దీనికి కారణాలున్నాయి.

తమిళనాడులో హోసూరును ఆనుకుని, పశువుల ఫారంతో పేరు తెచ్చుకున్న ఊరు మత్తిగిరి. సైన్యానికి గుర్రాలు పెంచడానికి 1824లో మొదలైన ఫారం అది. హోసూరులో 1970లలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో హోసూరు నుంచి అశోక్ లేలాండ్, టీవీఎస్ వాహనాలు బయటికొచ్చాయి. ఆ దశాబ్దంలోనే టైటాన్ గడియారాల కర్మాగారమూ మొదలైంది, దాని ఉద్యోగుల టౌన్‌షిప్ మత్తిగిరిలోనే ఉంది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయ్యేనాటికే మత్తిగిరి అందులో కలిసిపోయింది. ఇప్పుడు ఇక్కడ బండలు పరిచిన పాత ఇళ్ళు, మంగళూరు పెంకుటిళ్ళు, ఫ్యాక్టరీ జీతాలతో లేచిన స్లాబు ఇళ్ళు, నిన్నమొన్నటి అపార్టుమెంట్లు అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్కోదానికి ఒక్కో జబ్బు. బండ కప్పు కారితే చూడాల్సింది రాళ్ళ మధ్య సందులు. స్లాబు కారితే లోపలి ఇనుమును చూడాలి. ఈ రెండూ తెలిసిన మేస్త్రీ ఒకడే అయ్యుండడం అరుదు.

అసలు భారం ఆ స్లాబు ఇళ్ళదే. ఎనభైల్లో, తొంభైల్లో గుంపుగా కట్టినవి గుంపుగానే పాతబడ్డాయి. కాంక్రీటు పొర పలచగా ఉన్నచోట ఇన్నేళ్ళ చెమ్మ ఇనుము దాకా దిగి ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. అందుకే ముందు సన్‌షేడ్లు, తర్వాత బాల్కనీల అంచులు రాలతాయి. పైన కొత్త సిమెంటు పూసి రంగు వేస్తే రెండు వానలకు మళ్ళీ ఊడుతుంది. తుప్పును ఇనుము మెరిసేదాకా గీకి, అవసరమైతే కొత్త చువ్వ కట్టి, దాని మీద సరైన మిశ్రమం పట్టించాలి. ఓపికతో చేయాల్సిన పని, కూలి కూడా ఎక్కువే. చూసేవాళ్ళకు మాత్రం అంతా పూసిన సిమెంటులాగే కనబడుతుంది.

నీళ్ళ సంగతీ ఇంతే. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ సమస్య ఉన్నందువల్లే హొగెనకల్ నుంచి కావేరి నీటిని తెచ్చే పథకం కట్టారు. 2013లో అది ప్రారంభమైంది. అయినా చాలా ఇళ్ళు ఇప్పటికీ బోరు నీళ్ళ మీదే నడుస్తున్నాయి, ఆ నీళ్ళు చాలాచోట్ల గట్టివి. తాగునీటికి భారత ప్రమాణం కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దగ్గర ఉంచమంటుంది, వేరే నీటివనరు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. గట్టి నీళ్ళు మరిగితే గీజరు కాయిల్ మీద తెల్లటి పొర కడుతుంది. కుళాయిల్లో, షవరు రంధ్రాల్లో కూడా అదే పేరుకుంటుంది. ఇక్కడ ప్లంబరును పిలవడం ఏడాదికోసారి తప్పదు. పిలిచినప్పుడు కాయిల్ మార్చేవాడు కావాలా, నీటిని పరీక్షించమని చెప్పేవాడు కావాలా అన్నది ఆలోచించుకోవాలి.

పని తెలిసిన చేతులు ఎటు పోయాయో కూడా చూడాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్ళు, ప్లంబరు కోర్సు ఏడాది. హోసూరులో ప్రభుత్వ ఐటీఐ ఉంది, చుట్టూ ఫ్యాక్టరీలున్నాయి. రెండేళ్ళు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రవాడికి షిఫ్టు డ్యూటీ, బస్సు, క్యాంటీన్, పీఎఫ్ అందుతుంటే పక్కింట్లో కాలిపోయిన స్విచ్చు మార్చడానికి నిచ్చెన భుజాన వేసుకుని ఎందుకొస్తాడు? ఇంటి వైరింగు చేసేవాళ్ళలో ఎక్కువమంది ఎవరో ఒక అన్న వెంట తిరిగి నేర్చుకున్నవాళ్ళే. అలా నేర్చుకోవడం తక్కువేమీ కాదు. అయితే ఎర్తింగు ఎందుకో, న్యూట్రల్‌కూ ఎర్తుకూ తేడా ఏమిటో ఆ అన్నకు తెలియకపోతే తమ్ముడికీ తెలియదు.

రెండో దారి బెంగుళూరు. అత్తిబెలె దగ్గర కర్ణాటక సరిహద్దు దాటితే కూలి ఎక్కువ, పని ఎడతెగనిది. మంచి చేయి ఉన్న టైల్స్ మేస్త్రీకి అక్కడ ఒకే అపార్టుమెంటులో నెలల తరబడి పని దొరుకుతుంది. ఇక్కడ మన ఇంట్లో పగిలిన నాలుగు పలకలు మార్చాలంటే సామాను మోసుకురావాలి, సరిపోయే రంగు వెతకాలి, పాతవి పక్కవి పగలకుండా తీయాలి. పూట గడిచిపోతుంది, పని నాలుగు పలకలే. చదరపు అడుగు లెక్కలో అతని చేతికొచ్చేది ఏమీ ఉండదు. చిన్న పనికి కొలత రేటు చెల్లదని ఇంటివాళ్ళు ఒప్పుకుని పూట కూలి ఇస్తామంటే రావడానికి సిద్ధపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. బేరం మొదలయ్యేదే తప్పు కొలతతో, అందుకే చాలాసార్లు అది తెగదు.

మనిషిని వెతికే దారులు మత్తిగిరిలో ఎన్నో లేవు. అన్నిటికంటే నమ్మకమైనది హార్డ్‌వేర్ షాపు. ఎలక్ట్రికల్ షాపు, శానిటరీ షాపు, పెయింట్ల షాపు కూడా ఆ కోవలోవే. పనివాళ్ళకు అక్కడ అరువు ఉంటుంది. ఎవరిల్లు ఎక్కడో, ఎవరు డబ్బు కడతారో, ఎవరి పని మీద ఫిర్యాదు వచ్చిందో కౌంటరు వెనక మనిషికి తెలుసు. షాపువాడు పంపిన ప్లంబరు పని చెడగొడితే మనం మళ్ళీ ఆ షాపు మెట్లెక్కి అడగగలం. అడగడానికి ఒక చోటు ఉండడమే ఈ దారికి బలం. కమీషన్ దీని లోపం. ఏ కంపెనీ పైపు కొంటే మేస్త్రీకి ఎంత మిగులుతుందన్నది ధరలోనే కలిసి ఉంటుంది. పెయింటు డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు పెట్టే ఆనవాయితీ దేశమంతటా పాతదే, ఇప్పుడు అది ఫోనులో స్కాన్ చేసే పాయింట్లకు మారింది. దీన్ని దొంగతనమని నేను అనను, కూలి చాలని చోట అదీ ఆదాయమే. పెయింటరు "ఇరవై లీటర్లు పడుతుంది" అంటే గోడల కొలత మనమూ వేసుకుంటే సరిపోతుంది.

పక్కింటివాళ్ళ సిఫారసుకు విలువ ఉంది, కానీ మనం అడిగే ప్రశ్నే సరిగా ఉండదు. "పని బాగా చేశాడా?" అంటే ఎవరైనా అవుననే అంటారు. పని అయ్యాక ఏదైనా చెడిందా, పిలిస్తే వచ్చాడా అని అడగాలి. ఒక వానాకాలం గడిచిన పని గురించే అడగాలి. నిన్న వేసిన వాటర్‌ప్రూఫింగ్ ఎవరికైనా బాగానే కనిపిస్తుంది.

పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డాలు హైదరాబాదులో, బెంగుళూరులో, హోసూరు వంటి ఊళ్ళలో ఉన్నాయి. మట్టి తవ్వడానికి, రాళ్ళు మోయడానికి, పాత గోడ కొట్టేయడానికి అక్కడికి వెళ్ళడం సబబే. పైపులైను చూపించడానికి కాదు, ఎందుకంటే రేపు అదే మనిషి అక్కడ ఉంటాడన్న హామీ లేదు. ఉత్తరాది నుంచి వచ్చిన టైల్స్, పీవోపీ, పాలిష్ బృందాల చేతిపని చాలా చోట్ల శుభ్రంగా ఉంటుంది. వాళ్ళతో చిక్కు వేరు. సైటు అయిపోగానే బృందం మరో ఊరికి పోతుంది. 2023 మార్చిలో తమిళనాడులో వలస కూలీల మీద దాడులంటూ అబద్ధపు వీడియోలు తిరిగినప్పుడు కొందరు భయపడి సొంతూళ్ళకు బయలుదేరారు. ఒక పుకారుకు పనులు ఆగిపోయేంతగా మనం వాళ్ళ మీద ఆధారపడ్డామని అప్పుడు తెలిసొచ్చింది. 2014లో అర్బన్‌క్లాప్ పేరుతో మొదలై 2020లో అర్బన్ కంపెనీగా మారిన యాప్ లాంటివి పెద్ద నగరాల్లో ధరను ముందే చెప్పే అలవాటు తెచ్చాయి, అది మంచిదే. గీజరు సర్వీసు, ఏసీ శుభ్రం చేయడం లాంటి కొలతకందే పనులకు అవి చాలు. గోడలో ఎక్కడో కారుతున్న నీటి జాడ కనిపెట్టడం ఆ పట్టికలో పట్టదు.

అతి కష్టమైన భాగం అదే, జబ్బేమిటో కనిపెట్టడం. పనివాడే రోగం చెప్పి మందూ తానే అమ్ముతున్నప్పుడు కొనేవాడు దాన్ని సరిచూసుకోలేడు. ఇలాంటి సేవల గురించి అర్థశాస్త్రవేత్తలు మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ 1973లోనే రాశారు. వాళ్ళు చెప్పింది కొన్నాక కూడా నాణ్యత తెలియని సరుకు గురించి. ఇంటి చెమ్మ అచ్చంగా అదే. పడకగది గోడకు తడి వచ్చిందనుకోండి. పెయింటరును పిలిస్తే డ్యాంప్‌ప్రూఫ్ కోటింగ్ అంటాడు. ప్లంబరు వస్తే గోడ పగలగొట్టి పైపు మార్చాలంటాడు. తాపీమేస్త్రీ మేడమీద పలకలు వేయాలంటాడు. ముగ్గురూ నిజాయితీపరులే కావచ్చు, ఎవరికి తెలిసిన పని వాళ్ళు చెబుతారు. నీళ్ళు మాత్రం స్లాబులో ఒకచోట దిగి, పైపు వెంబడి పాకి, మరోచోట బయటపడతాయి. తడి కనిపించిన చోటే నీళ్ళు దిగాయని అనుకోవడానికి లేదు.

కనుక్కోవడానికి పద్ధతులున్నాయి, ఖర్చు పెద్దది కాదు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, రాత్రంతా నీటి మీటరో ట్యాంకు మట్టమో కదిలిందేమో చూడాలి. కదిలితే ఒత్తిడిలో ఉన్న పైపు కారుతోంది. కదలకపోతే గోడ వెనకాల బాత్‌రూము ఉంటే దాని నేల గొట్టం మూసి, రెండంగుళాల నీళ్ళు కట్టి, ఒకటి రెండు రోజులు ఆగాలి. కింద తడి పెరిగితే నేల కారణం. మేడ కూడా ఇలాగే, ఒక్కో భాగానికి నీళ్ళు కట్టి చూడాలి. వాన పడ్డాకే తడి వస్తుందా, ఎప్పుడూ ఉంటుందా అన్నదే సగం జవాబు చెప్పేస్తుంది. ఇదంతా పూర్తయ్యాకే ఏ పనివాడిని పిలవాలో తేలుతుంది. నా సలహా, చూసి చెప్పినందుకు వేరుగా డబ్బివ్వడం. డిప్లొమా చదివిన సివిల్ ఇంజనీరుకో, వయసు మీరి పని మానేసిన పెద్ద మేస్త్రీకో ఒక పూట కూలి ఇచ్చి, "పని మీకు ఇవ్వను, కారణం మాత్రం చెప్పండి" అని అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. ఉచితంగా చూసిపోయినవాడికి పని దక్కితేనే ఆ పూట కూలి గిట్టుతుంది, దాన్ని తప్పు పట్టలేం.

తర్వాత అడ్వాన్సు. ఇంటివాళ్ళకు అత్యంత కోపం తెప్పించేది, మేస్త్రీలకు అత్యంత అవసరమైనదీ ఇదే. మనం ఇచ్చే అడ్వాన్సు మేస్త్రీ దగ్గర నిలవ ఉంటుందనుకోవడం పొరపాటు. పాలమూరు నుంచి దేశమంతటికీ కట్టడాల పనికి వెళ్ళిన బృందాల్లో మేస్త్రీ కూలీలకు ముందుగానే డబ్బు ఇచ్చి తీసుకెళ్ళడం తరతరాల ఆనవాయితీ. చిన్న ఊళ్ళో చిన్న మేస్త్రీ కూడా అంతే, ముందు కొంత చేతిలో పెడితే తప్ప మనుషులు దొరకరు. శనివారం బట్వాడా వచ్చిందంటే చేతిలో డబ్బు లేని మేస్త్రీ మరో ఇంటి అడ్వాన్సు పుచ్చుకుంటాడు, సోమవారం ఆ ఇంట్లో ముఖం చూపించాలి. మన గోడ సగం గీకి ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కాలిఫోర్నియాలో ఇంటి పని కాంట్రాక్టరు ముందుగా తీసుకోగల మొత్తానికి చట్టమే హద్దు పెట్టింది. వెయ్యి డాలర్లు గాని, ఒప్పందంలో పదో వంతు గాని, ఏది తక్కువైతే అదే.  అలాంటి హద్దు ఇక్కడ పెడితే అప్పు పుట్టని మేస్త్రీ పని మొదలుపెట్టలేడు. ఇక్కడ సరిపడేది సామాను మనమే కొని ఇవ్వడం, కూలి ప్రతి శనివారం జరిగిన పని మేరకు కట్టడం, చివరి భాగం మాత్రం ఒక మంచి వాన పడేదాకా ఆపుకోవడం. ఆ ఆపుకునే సంగతి మొదటి రోజే చెప్పాలి. చివరి రోజున కొత్త కొర్రీలు పెట్టి కూలి తగ్గించే ఇంటికి మేస్త్రీ రెండోసారి రాడు, రానందుకు అతణ్ణి అనడానికీ లేదు.

మాట పట్టింపులకు భాష కూడా తోడవుతుంది. ఇక్కడ ఇంటావిడ తెలుగులో చెబితే మేస్త్రీ తమిళంలో వింటాడు, షాపులో కన్నడం, టైల్స్ బృందంలో హిందీ. కాబట్టి ఒక కాగితం కావాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఎన్ని పలకలు, సిమెంటు ఇసుక ఏ పాళ్ళు, చెత్త ఎవరు ఎత్తాలి, ఎన్ని రోజులు నీళ్ళు పట్టాలి అన్నవి అంకెల్లో రాసి, పని ఎక్కడిదాకానో గోడమీద గీతలు గీస్తే చాలు. నీళ్ళు పట్టడం గురించి గట్టిగా చెప్పాలి. కాంక్రీటుకు మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన రకమైతే 10 రోజులు తడి ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. ఎండ తీవ్రమైతే అవి 10, 14 అవుతాయి. పగుళ్ళన్నిటికీ మేస్త్రీని తిడతాం గాని, మూడో రోజుకే రంగు వేయమని తొందరపెట్టేది చాలాసార్లు ఇంటివాళ్ళే.

ఒకప్పుడు తెలుగు గ్రామాల్లో ఈ వెతుకులాట లేదు. వడ్రంగి, కమ్మరి ఊరి పనివాళ్ళైన ఆయగాళ్ళలో ఉండేవారు. నాగలి చెక్కినా తలుపు బాగుచేసినా పంట కళ్ళంలో మేరగా గింజలు కొలిచేవాళ్ళు. పని చెడితే అదే వీధిలో మనిషి ఉన్నాడు. ఆ కట్టుబాటు కులంతో బిగించినది. కొడుకు మరో పని చేయడానికీ, కొలత చాలదని అడగడానికీ వీలుండేది కాదు. అది తిరిగి రాకూడదు. కాని పనివాడి బాధ్యతకు పూచీ ఏమిటన్న ప్రశ్నకు ఆనాడు జవాబుండేది. దాని స్థానంలో ఇంకొకటి మనం ఏర్పరచుకోలేదు.

ప్రభుత్వ జాబితాలు లేవా అంటే ఉన్నాయి. తమిళనాడులో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు 1994లోనే వచ్చింది. 1996 కేంద్ర చట్టంతో కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చుచేసే పద్ధతి దేశమంతటా వచ్చింది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగి, తాపీ పనులున్నాయి. తమిళనాడు దాన్ని కాదని కలైంజర్ కైవినై తిట్టం తెచ్చుకుంది. ఇవన్నీ కార్మికుడికి అందాల్సిన సాయం కోసం. ఎవరికి ఏ పని ఎంత వచ్చో చెప్పడానికి కాదు. అలా చెప్పే ఏర్పాటు కరెంటు పనిలో ఉంది, లైసెన్సింగ్ బోర్డు వైర్‌మన్‌కు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. మెయిన్ బోర్డు మార్చేటప్పుడు, కొత్త లైను లాగేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడగడంలో మొహమాటం ఉండకూడదు. పాత ఇళ్ళలో చాలావాటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చు) లేదు. గీజరు షాకు నుంచి ప్రాణం కాపాడేది అదే.

మిగతా వృత్తుల్లో పరీక్ష పెట్టాలా? జర్మనీ 1953 చట్టంతో చేతివృత్తులకు మాస్టరు పరీక్ష తప్పనిసరి చేసింది. 2004లో 53 వృత్తులకు ఆ నిబంధన తీసేసింది. 2020లో పన్నెండింటికి మళ్ళీ పెట్టింది, టైల్స్ వేసే పని వాటిలో ఒకటి. బ్రిటన్‌లో గ్యాస్ పనికి నమోదు లేనివాడు చేయి పెట్టకూడదు. మన దగ్గర తాపీపనికి లైసెన్సు పెడితే చదువురాని మంచి మేస్త్రీలే ముందు నష్టపోతారు, ఆ దారి నాకు సమ్మతం కాదు. ఐటీఐ ఆవరణలో ఆదివారాలు చేతిపని చూసి, రాతపరీక్ష లేకుండా యోగ్యత పత్రం ఇచ్చి, ఆ పేర్లను కార్పొరేషన్ వార్డు కార్యాలయంలో వేలాడదీయవచ్చు. వార్డులో పన్ను కట్టేవాళ్ళకు అంతకంటే ఉపయోగపడే కాగితం ఇంకొకటి ఉండదు.

ఆ పేర్లలో ఆడవాళ్ళవీ ఉండాలి. కట్టడాల దగ్గర సిమెంటు కలిపేదీ ఇటుకలు అందించేదీ ఎక్కువగా వాళ్ళే, ఏళ్ళ తరబడి అదే పని. తాపీ చేతికివ్వరు. ఝార్ఖండ్‌లో మరుగుదొడ్లు కట్టే ఉద్యమంలో రాణీ మిస్త్రీలుగా శిక్షణ పొందిన మహిళలు గోడలు కట్టి చూపించారు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకు తలుపు తీయడానికి నమ్మకమైన ప్లంబరమ్మ ఉంటే ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

సెప్టిక్ ట్యాంకు దగ్గర మాత్రం బేరానికి తావులేదు. మానవ మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం 30 లక్షలకు పెంచింది. "అయిదు నిమిషాల పనేగా" అని ఎవరైనా దిగబోతే ఆపాల్సింది ఇంటివాళ్ళే. ట్యాంకు శుభ్రం చేయడానికి పీల్చే లారీని పిలవాలి, అంతే. సన్‌షేడు మీద నిలబడి రంగు వేసే కుర్రవాడికి పరంజా, తాడు ఉన్నాయా అని చూడడమూ ఇంటివాళ్ళ పనే.

మత్తిగిరిలో అద్దెకుండే ఫ్యాక్టరీ ఉద్యోగులు ఎందరో. వాళ్ళకు మేస్త్రీ కంటే ముందు వచ్చే ప్రశ్న, ఖర్చు ఎవరిదని. 2017లో తమిళనాడు చేసి 2019 ఫిబ్రవరిలో అమలులోకి తెచ్చిన అద్దెల చట్టం దీనికి జవాబు చెబుతుంది. కట్టడం మరమ్మతులు, గోడలకు సున్నం, పైపులు, వైరింగు యజమానివి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సింకు అడ్డంకులు అద్దెకున్నవాళ్ళవి. వేరే ఒప్పందం రాసుకుంటే అది చెల్లుతుంది. ఇది తెలియక గొడవపడి, ఇరువర్గాలూ ఖర్చు పెట్టకుండా వదిలేసిన చెమ్మ గోడలు ఎన్నో ఉన్నాయి. పని చెడగొట్టి ముఖం చాటేసిన కాంట్రాక్టరు విషయమైతే కృష్ణగిరిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఆ దారిలో కాగితం, ఫోటోలు, డబ్బు పంపిన లెక్క అన్నీ అవసరం. అందుకే పలకలతో మూసేముందు పైపుల ఫోటోలు, వైర్లు వెళ్ళిన గోడల ఫోటోలు తీసి పెట్టుకోవాలి. ఇల్లు అద్దెకిచ్చినా అమ్మినా వాటిని వచ్చేవాళ్ళకు ఇవ్వాలి, వాళ్ళ మేస్త్రీ ఎక్కడ పగలగొట్టాలో ఊహించుకోనక్కర్లేకుండా.